మంగళవారం టికెట్టు, సముద్రం వైపు కిటికీ

2023 వేసవి మొదట్లో సంగతి ఇది. తెనాలి రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో ఒక సందులో నా టికెట్ల ఆఫీసు ఉంది. ఆఫీసంటే పెద్దదేమీ కాదు. పదడుగుల గది, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, గోడ మీద ప్రపంచ పటం. పధ్నాలుగేళ్లుగా నడుపుతున్నాను. తిరుపతి రైళ్లు, కాశీ యాత్రలు, గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ల విమానాలు, ఇవే నా రోజువారీ పని.

నేను చదివింది ఇంటర్మీడియట్ వరకే. మిగతాది మా ఊరి గ్రంథాలయంలో నేర్చుకున్నాను. అక్కడ ఒక పాత అట్లాసు ఉండేది. అట్లాంటిక్ మహాసముద్రం ఉన్న పేజీ మధ్యకి చిరిగిపోతే గ్రంథపాలకుడి దగ్గర జిగురు అడిగి అతికించింది నేనే. కాలమండలాలు, గాలులు, రేవులు అన్నీ ఆ బల్ల దగ్గర కూర్చునే తెలుసుకున్నాను. ఈ చదువు ఏనాటికైనా కూడు పెడుతుందా అని ఇంట్లోవాళ్ళు అడిగేవారు. పెట్టిన రోజు గురించే ఇది రాస్తున్నాను.

ఆ రోజు రేపల్లె ప్యాసింజరు దిగి భార్యాభర్తలు ఇద్దరు వచ్చారు. ఆయన పేరు కోటేశ్వరరావు, అరవైకి దగ్గర్లో ఉంటారు. ఇరవై రెండేళ్లు విహార ఓడల్లో లాండ్రీ విభాగంలో పనిచేసి మానేశారు. ఆవిడ నాగేంద్రమ్మ, ఇంట్లో మిషను మీద జాకెట్లు కుడతారు. ఆవిడకి తెలిసిన సముద్రం బాపట్ల దగ్గర సూర్యలంక ఒక్కటే. పిల్లల బాధ్యతలు తీరిపోయాయనీ, దాచుకున్న డబ్బుతో అట్లాంటిక్ దాటే ఓడలో ప్రయాణికులుగా వెళ్లాలనీ చెప్పారు.

ఎందుకని అడగకుండానే ఆవిడ చెప్పింది. "ఇరవై రెండేళ్లు ఈయన్ని నాకంటే ఎక్కువ ఆ సముద్రమే ఏలుకుందమ్మా. ఆ సవతి మొహం ఒక్కసారి చూసి రావాలి."

ఆయన నవ్వి, గోడ మీది పటంలో బార్సిలోనా నుంచి ఫ్లోరిడా దాకా వేలితో గీత గీశారు. "ఈ దారి నాకు కొట్టిన పిండి."

"కొట్టిన పిండే. రొట్టె మాత్రం ఇంతవరకు నాకు పెట్టలేదు" అందావిడ. ఓడ రేవులో ఆగినప్పుడల్లా ఆయన ఫోను చేసి సముద్రం ఎలా ఉందో చెప్పేవారట. ఒక రోజు నెమలికంఠం రంగు, ఒక రోజు కాటుక రంగు, ఒక రోజు తిమింగలాల గుంపు. ఆవిడ ఆ మాటల్ని రంగుల పేర్లతో సహా గుర్తుపెట్టుకుంది.

అట్లాంటిక్ దాటే ఓడ అంటే లక్షాధికారుల వ్యవహారమని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో ఒక వెసులుబాటు ఉంది. మా వ్యాపారంలో దాన్ని రీపొజిషనింగ్ క్రూయిజ్ అంటారు. మన డెల్టాలో వరికోతలు అయిన చోటికల్లా బాతుల మందల్ని తోలుకువస్తారు చూడండి, ఓడల కంపెనీలూ అలాగే చేస్తాయి. వేసవిలో ఐరోపాలో తిప్పిన ఓడని చలికాలానికి అమెరికా వైపు తోలుకుపోతాయి. ఎలాగూ వెళ్లాల్సిన ఓడ, ఒకవైపు ప్రయాణం, మధ్యలో చాలా రోజులు నీళ్లు తప్ప ఏమీ కనపడవు. అందుకని గదులు చవగ్గా ఇస్తారు. మరి ఖర్చు ఎక్కడంటే రెండు చివర్ల. ఇక్కణ్ణుంచి ఓడ ఎక్కే ఊరికి, ఓడ దిగిన ఊరి నుంచి ఇక్కడికి విమానాలు, మధ్యలో బస. ఓడ చవకని సంబరపడి విమానాల దగ్గర చతికిలపడ్డవాళ్లని చూశాను.

ముందు వీసాల సంగతి తేల్చాం. తన పాస్‌పోర్టులో అమెరికా వీసా ఇంకా గడువులోనే ఉందని కోటేశ్వరరావు గారు ధీమాగా ఉన్నారు. చూస్తే అది ఓడ సిబ్బందికి ఇచ్చే వీసా. దాంతో పనివాడిగా ఓడ ఎక్కవచ్చుగాని ప్రయాణికుడిగా కుదరదు. ఇద్దరికీ అమెరికాకి కొత్తగా, తర్వాత స్పెయిన్‌కీ దరఖాస్తు చేశాం. ఆ ఇంటర్వ్యూలు, ఎదురుచూపులు పూర్తయ్యేసరికి ఏడాది గడిచింది. ప్రయాణం 2024 నవంబరుకి నిశ్చయమైంది.

అప్పుడు గది దగ్గర పేచీ వచ్చింది. ఓడలో అన్నిటికన్నా చవకైనది ఇన్‌సైడ్ క్యాబిన్, అంటే కిటికీ లేని గది. దానిపైది ఓషన్‌వ్యూ, సముద్రం వైపు అద్దాల కిటికీ ఉంటుంది. తేడా తక్కువేమీ కాదు. పగలంతా పైన డెక్ మీదే తిరుగుతారు కదా, పడుకోవడానికి కిటికీ ఎందుకని నేను నాలుగు విధాల చెప్పాను. అందరికీ చెప్పే మాటే అది. నాగేంద్రమ్మ గారు కూడా నా పక్షమే. ఆయన వాదించలేదు. అంతా విని, "కిటికీ ఉండాలమ్మా" అన్నారు.

మర్నాడు ఆయనకి ఫోను చేసి మళ్ళీ చెప్పి చూశాను.

"నువ్వు చెప్పేది నిజమే. అయినా కిటికీ ఉండాలి."

ఇరవై రెండేళ్లు చూసిన సముద్రమే కదా, ఈ వయసులో ఈ పంతం ఏమిటని మనసులో విసుక్కున్నాను. కిటికీ తేడా ఇంకెక్కడో మిగల్చాలి. ఆ పనిలో పడ్డాను.

విమానాలకి ఓపెన్ జా టికెట్టు తీశాను. ఒక ఊరికి వెళ్లి వేరే ఊరి నుంచి తిరిగి వచ్చేలా ఒకే టికెట్టుగా రాసేదాన్ని అలా అంటారు. రెండు విడి టికెట్లకన్నా చాలాసార్లు ఇదే చవక. పైగా దారిలో ఒక విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే మరోదాంట్లో ఎక్కించే బాధ్యత వాళ్ళదే. బార్సిలోనాలో రేవు దగ్గరి హోటళ్ల జోలికి పోలేదు. తెనాలిలో పెళ్లికి వచ్చి దుగ్గిరాలలో బస చేసినట్టు, లోకల్ రైలు మీద అరగంట దూరంలో ఒక చిన్న ఊళ్ళో గది దొరికింది. ఫ్లోరిడాలో పొద్దున ఓడ దిగుతారు, అదే సాయంత్రం విమానం, కాబట్టి అక్కడ గదే అక్కర్లేదు. ఇవన్నీ కలిపినా తేడాలో సగమే మిగిలింది. మిగతా సగం మంగళవారం దగ్గర దొరికింది.

ఓడ కదిలేది గురువారం సాయంత్రం. హైదరాబాదులో మంగళవారం రాత్రి ఎక్కితే బుధవారం మధ్యాహ్నానికి బార్సిలోనా చేరతారు, ఒక రాత్రి విశ్రాంతి. ఆ వారం మొత్తంలో అదే చవకైన టికెట్టు. బుధవారం రాత్రిది ఖరీదెక్కువ. పైగా చేరేది గురువారం మధ్యాహ్నం, ఓడ కదిలే రోజే. ఓడకి కనీసం ఒక రోజు ముందు ఆ ఊళ్ళో ఉండాలన్నది మా వృత్తిలో మొదటి నియమం. విమానం రెండు గంటలు ఆలస్యమైతే ఓడ ఆగదు. ఓడ తప్పిందంటే కట్టిన డబ్బంతా నీళ్లపాలు.

ఈ సంగతి చెప్పగానే నాగేంద్రమ్మ గారు తల అడ్డంగా ఊపింది. మంగళవారం ఇల్లు కదిలేది లేదు. సోమవారం బయల్దేరి ఆ రాత్రికి హైదరాబాదులో పడుకోండి అన్నాను. చేతిసంచిలోంచి పంచాంగం తీసింది. సోమవారం ఆయన జన్మనక్షత్రం, ప్రయాణానికి పనికిరాదట. ఆదివారం బాగుందిగాని, అప్పుడు బయల్దేరితే రెండు రాత్రులు హైదరాబాదు లాడ్జికే మిగిల్చింది పోతుంది. కోటేశ్వరరావు గారు బుధవారమే తీసెయ్యమన్నారు. ఓడ కదిలే రోజే దిగి ఎక్కడం తమకి అలవాటేనన్నారు.

"బాబాయి గారూ, అప్పుడు మీ కోసం కంపెనీ వ్యాను కాచుకుని ఉండేది. ఇప్పుడు మీ కోసం ఎవరూ ఉండరండి" అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. అంత ముక్కుసూటిగా అని ఉండకూడదు. కాని లెక్క స్పష్టంగా ఉంది. బుధవారం టికెట్టు తీస్తే కిటికీ పోతుంది, ఓడ తప్పే ప్రమాదమూ ఉంది. ఆ మాటే చెప్పాను. ఆయన చాలాసేపు పటం వైపు చూశారు. భార్యని మాత్రం ఒక్క మాట అనలేదు. "సర్లే, కిటికీ మానెయ్యమ్మా" అన్నారు చివరికి. ఆ గొంతు విన్నాక ఇది పంతం కాదని నాకు అర్థమైంది. ఏమిటో మాత్రం తెలియలేదు. రెండు రోజులు ఆగమని పంపించాను.

ఆ సాయంత్రం గ్రంథాలయానికి వెళ్లాను. మన ఆచారాల మీద అట్ట ఊడిపోయిన పాత పుస్తకం ఒకటి అక్కడ ఉందని గుర్తు. ఎప్పుడో చదివిన ఒక పేజీ కావాలి. గంట వెతికితే దొరికింది. ప్రస్థానం. బయల్దేరాల్సిన రోజు మంచిది కాకపోతే, అంతకుముందు ఒక మంచి ఘడియలో ప్రయాణికుడి బట్టలో, సామానో వెళ్ళే దిక్కున వేరొకరి ఇంట్లో ఉంచాలి. ప్రయాణం ఆ ఘడియలోనే మొదలైనట్టు లెక్క. తర్వాత ఎప్పుడు కదిలినా దోషం లేదు. ఉంచిన మూటని వెనక్కి ఇంటికి తేకూడదు, దారిలో తీసుకుని ముందుకే పోవాలి.

పొద్దున్నే ఆవిడకి ఫోను చేసి చదివి వినిపించాను.

"మా అమ్మమ్మ చేసేదమ్మా ఇది. భట్టిప్రోలులో పక్కింట్లో మూట పెట్టేది. నాకు గుర్తే లేదు చూడు" అంది. తర్వాత, "మరి ఎవరింట్లో పెట్టను?" అని అడిగింది.

రేపల్లె నుంచి హైదరాబాదు వెళ్లాలంటే తెనాలి మీదుగానే పోవాలి. "మా ఆఫీసు ఉంది కదా పిన్నీ" అన్నాను. అలా మంగళవారం టికెట్టే తీశాను, కిటికీ గదీ నిలిచింది.

ప్రయాణానికి ముందు, పంచాంగంలో బాగుందన్న ఆ ఆదివారం ఉదయం ఇద్దరూ రైల్లో వచ్చి నా కస్టమర్ల కుర్చీలో ఒక సంచి పెట్టారు. అందులో ఓడలో మొదటి రోజు కట్టుకునే చీర, ఆయన తెల్ల చొక్కా, పసుపుకొమ్ము, వక్క. సంచికి పసుపు రాసి ఉంది. పెట్టేసి, టిఫిన్ చేసి, తిరుగు రైల్లో ఇంటికి వెళ్లిపోయారు. సోమవారమంతా కుర్చీలో ఉన్న ఆ సంచిని చూసి వచ్చినవాళ్ళు ఎవరిదని అడిగారు. బార్సిలోనా ప్రయాణికులండి, ఆల్రెడీ బయల్దేరారు అని చెప్పాను. మంగళవారం తెనాలిలో రైలు మారేటప్పుడు వచ్చి ఆ సంచి తీసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లారు.

వెళ్ళేముందు ఆవిడకి ఒక సంగతి చెప్పాను. పడమటికి పోతున్న కొద్దీ కొన్ని రాత్రులు ఓడలో గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. ఇలా మొత్తం ఆరు గంటలు అదనంగా వస్తాయి. అట్లాసులో నేర్చుకున్నదాన్ని అలా ఒకరికి చెప్పగలిగినందుకు కొంచెం గర్వపడ్డాను కూడా. "ఆ ఆరు గంటలూ ఏం చేసుకోవాలమ్మా?" అని ఆవిడ నవ్వింది.

దారిలో ఏ అవాంతరమూ రాలేదు. విమానాలు సమయానికే నడిచాయి. నిజం చెప్పాలంటే ఆ వారం బుధవారం విమానం కూడా సమయానికే చేరింది. నేను కంప్యూటర్లో చూశాను. నా నియమమే వాళ్లని కాపాడిందని గొప్ప చెప్పుకోవడానికి లేదు.

డిసెంబరులో నాగేంద్రమ్మ గారు ఒక్కతే వచ్చింది. చాక్లెట్ల పొట్లం బల్ల మీద పెట్టింది. సవతి ఎలా ఉందని అడిగాను.

"దాని సంగతి తర్వాత. ఈయన సంగతి విను" అంది.

ఓడ కదిలిన మర్నాడు తెల్లవారుజామున మెలకువ వస్తే పక్కన ఆయన లేరట. చూస్తే కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. తెల్లగా తెల్లారాక కూడా లేవలేదు. ఫలహారానికి రమ్మంటే, నువ్వెళ్లి రా అన్నారు. మూడో రోజు ఆవిడ గట్టిగా అడిగితే చెప్పారు. లాండ్రీ ఓడ అడుగున, నీటి మట్టానికి కింద ఉంటుంది. పడుకునే గదికీ కిటికీ లేదు. పొద్దున ఆరింటికి దిగితే పైకి వచ్చేసరికి చీకటి. ఇరవై రెండేళ్లలో రేవు దాటాక ఆ సముద్రాన్ని ఆయన చీకట్లో తప్ప చూడలేదు.

"మరి నెమలికంఠం రంగో?" అని అడిగాను.

"ఆ రోజు ఉతికిన టేబుల్ గుడ్డల రంగటమ్మా. తిమింగలాల గురించి వడ్డించే కుర్రాళ్ళు చెప్పుకుంటుంటే విన్నారట. నాకు ఏదో ఒకటి చెప్పాలని." ఆవిడ పమిటతో ముఖం తుడుచుకుంది. "సవతీ లేదు, గివతీ లేదు. ఇద్దరం ఒక్కసారే చూశాం."

ఆ తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. ఖర్చు తగ్గించడమే నా పని, ఇప్పుడూ అదే చేస్తాను. విమానం దగ్గర తగ్గిస్తాను, బస దగ్గర తగ్గిస్తాను, రోజులు అటూ ఇటూ జరుపుతాను. కాని వచ్చిన మనిషి కారణం చెప్పకుండా ఒక చోట ఆగిపోతే అక్కడ మాత్రం కత్తెర పెట్టను. కారణం పుస్తకాల్లో దొరకదు, చాలాసార్లు ఆ మనిషి నోటా రాదు. దాన్ని అలాగే ఉంచి, చుట్టూ ఉన్నవాటిని సర్దడమే నా చదువు చేయగలిగిన పని.

వెళ్ళబోతూ ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది.

"నువ్వు చెప్పిన ఆరు గంటలూ వచ్చాయమ్మా. గడియారం వెనక్కి తిప్పిన ప్రతిసారీ, మీకో గంట ఎక్కువొచ్చింది చూసుకోండి అని ఆయన్ని కిటికీ దగ్గరే కూర్చోబెట్టాను."