డాక్టరమ్మకు నేను చెప్పిన తప్పులేని వాక్యం

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైల్లో నాకు దొరికిన కిటికీ తలుపు ఏనాడూ కిందికి దిగేది కాదు. డెబ్బై ఏడు ఉప్పెన తర్వాత, రేపల్లె సహాయ శిబిరంలో దుబాసీగా చేరమని తహసీల్దారు తాఖీదు వచ్చిన రోజూ అంతే. వానకు తడిసిన చొక్కాతోనే డ్యూటీలో చేరాను.

నేను తెనాలిలో ఇంగ్లీషు లెక్చరర్ని. మద్రాసులో పాత పుస్తకాల కొట్లో దొరికిన వ్యాకరణంతో స్పానిష్ నేర్చుకున్నాను. ఆ భాష మాట్లాడే మనిషిని మాత్రం ఎన్నడూ చూడలేదు. దాన్ని ఎవరూ లోపంగా పరిగణించలేదు. పుస్తకంలో మొదటి పాఠం అవును, కాదు. ఎమ్మే చదివినవాడికి అవేం పాఠాలని దాటేశాను. సర్వనామాల స్థానం, ఆత్మార్థక క్రియలు మాత్రం కంఠతా పట్టాను.

శిబిరంలో స్పెయిన్ నుంచి వచ్చిన డాక్టరమ్మకు తన భాష తప్ప మరొకటి రాదు. రోగి చెప్పింది కాగితం మీద రాసుకుని, సర్వనామం క్రియకు ముందుండాలా, తోకకు అతకాలా అని సరిచూసుకుని వినిపించేవాణ్ణి.

“సార్, మీరు రాసేలోపు రోగం దానంతటదే తగ్గిపోద్దండి,” అనేవాడు కాంపౌండరు. నవ్వేవాణ్ణి. వరస పెద్దది కావడంతో, ఇబ్బంది ఉంటేనే చెప్పమని, లేకపోతే పని సాగిస్తానని డాక్టరమ్మ తేల్చేసింది.

మూడో రోజు చెరుకుపల్లి వైపు నుంచి మరియమ్మ అనే కూలి మనిషి, పద్నాలుగేళ్ల కూతురు సువార్తను తెచ్చింది. కాలికి రేకు కోసుకుని చీము పట్టింది. డాక్టరమ్మ సిరంజిలోకి పెన్సిలిన్ తీస్తూ, ఈ మందు ఇదివరకు ఒంటికి పడిందో లేదో అడగమంది.

“బాపట్లలో ఒకసారి పొడిచారండి. మొహమంతా వాచిపోయి ఊపిరాడలేదు. మళ్లీ అదేనా ఏంటి బాబుగారూ?” అంది మరియమ్మ.

స్పానిష్‌లో ముఖం ఊరికే వాయదు, తనను తాను వాచుకుంటుంది. అది ఎవరి ముఖమో చెప్పడానికి మరో సర్వనామం కావాలి. రెండూ క్రియకు ముందే రావాలి, అందులోనూ ఆత్మార్థకమే ముందు. రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను. తలెత్తేసరికి డాక్టరమ్మ సూది తీసేసి దూది అద్దుతోంది.

వాక్యం చదివాను. ఆమె మొహం పాలిపోయింది. వాక్యంలో తప్పేమీ లేదు.

ఆమె వెంటనే విరుగుడుగా మరో రెండు ఇంజెక్షన్లు చేసింది. సువార్త పావుగంట బతికింది.

తర్వాత రిటైరయ్యేదాకా, ముందు నోరు విప్పండి, దిద్దుకోవడం తర్వాత అని పిల్లలకు చెబుతూ వచ్చాను. అది నేను ఆ గుడారంలో నేర్చుకున్నదే.

ఆ రోజు కూతురి మీద దుప్పటి కప్పి, మరియమ్మ నా చేతిలోని కాగితం వైపు చూసింది.

“వద్దనడానికి వాళ్ల భాషలో ఒక్క మాట కూడా లేదా బాబుగారూ?”