లాల్‌బీ ఇంటి రేటింగు

గురువారం వచ్చిందంటే ఆ మిర్చి షెడ్డులో ఎవరికీ పని మీద ధ్యాస ఉండదు. చేతులు మామూలుగానే కాయ అందుకుని, తొడిమ తుంచి, గంపలో వేస్తుంటాయి. ఘాటు సోకకుండా ముక్కుకీ నోటికీ కట్టుకున్న తువ్వాళ్ళ పైనుంచి కళ్ళు మాత్రం ఎలీసమ్మ ఒళ్ళో ఉన్న ఫోను మీదే ఉంటాయి. అంతకుముందు వారం ఏ సీరియల్‌ని ఎంతమంది చూశారో చెప్పే రేటింగులు బయటికొచ్చేది ఆ రోజే.

మధ్యాహ్నం ఒంటిగంటకి రెండు చానళ్ళలో రెండు సీరియళ్ళు ఒకేసారి వస్తాయి. 'మాధవి నిలయం'లో అత్తాకోడళ్ళకి ఆస్తి గొడవ. 'రెండో గడప'లో మొగుడు పోయిన శారద మళ్ళీ పెళ్ళి చేసుకుని కొత్త ఇంటికి వెళ్తుంది. ఈ రెండింటి దగ్గర షెడ్డు రెండుగా చీలింది. మాధవి వైపు వాళ్ళకి ఎలీసమ్మ పెద్ద. శారద వైపు వాళ్ళలో అందరికంటే గట్టిగా పట్టుబట్టేది లాల్‌బీ. మామూలుగా నోరు విప్పని మనిషి, ఆ సీరియల్ మాటొస్తే మాత్రం ఊరుకోదు.

"మళ్ళీ దిగింది మీ శారద," అంది ఎలీసమ్మ, ఫోను పైకెత్తి చూపిస్తూ. "ఇట్టా అయితే తొందర్లోనే ఎత్తేస్తారంట. రాశారు ఇక్కడ."

లాల్‌బీ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "ఎవడో రాస్తే ఎత్తేస్తారా?"

"చూసేవాళ్ళు లేకపోతే ఎత్తెయ్యక ఏం చేస్తారు?"

ఆ మాట లాల్‌బీకి ఎక్కడో లోతుగా తగిలింది. దానికి కారణం ఆమె కూతురు ఫర్హానా. ఫర్హానా మొగుడు ముబీన్ మార్టూరులో గ్రానైట్ లారీ నడిపేవాడు. రెండేళ్ళ క్రితం లారీ తిరగబడి పోయాడు. అప్పటినుంచీ పిల్ల పుట్టింట్లోనే ఉంది. వండుతుంది, ఊడుస్తుంది, అడిగితే ఔననో కాదనో అంటుంది. అంతే. ఒకనాడు లాల్‌బీ అన్నానికి ఇంటికొచ్చి టీవీ పెడితే, ఫర్హానా వంటింట్లోంచి వచ్చి తలుపుకి ఆనుకుని నిలబడింది. కాసేపటికి కూర్చుంది. "ఆ చీర రంగు బాగుందమ్మా," అంది. అన్ని నెలల తర్వాత ఆ పిల్ల తనంతట తానుగా అన్న మొదటి మాట అది. ఆ రోజునుంచి లాల్‌బీ ఒంటిగంటకి ఇంట్లో ఉండకుండా లేదు.

పిడుగురాళ్ల నుంచి ఒక సంబంధం కూడా వచ్చి ఉంది. నజీర్ అని, సున్నం బట్టీలో గుమాస్తా. అతని భార్యా జబ్బు చేసి పోయింది. ఆ మాట కూతురి ముందు ఎత్తడానికి లాల్‌బీకి ధైర్యం చాల్లేదు. శారద ఆ కొత్త ఇంట్లో కుదురుకోవాలి, అక్కడివాళ్ళు ఆమెని తమ మనిషి అనుకోవాలి, అది ఫర్హానా కళ్ళారా చూడాలి, ఆ రోజు అడగాలి అని మనసులో పెట్టుకుంది. ఈలోగా సీరియలే ఎత్తేస్తే ఎలా?

"అవన్నీ దొంగ రేటింగులు," అంది లాల్‌బీ. "మా సందులో ఏ ఇంట్లో చూసినా శారదే. మీ మాధవిని ఎవరు చూస్తున్నారే?"

షెడ్డంతా నవ్వారు. ఎలీసమ్మకి ఉక్రోషం వచ్చింది. "దొంగ రేటింగులా? ఆ రేటింగులు రాసే పెట్టె నీ ఇంట్లో పెట్టుకుని మమ్మల్ని అంటావా?"

చేతులన్నీ ఆగిపోయాయి.

"మీ టీవీ పక్కనున్న పెట్టె ఏందో నాకు తెలవదనుకున్నావా? నంబర్ల రిమోట్ నా కళ్ళతో చూశా!"

కిందటేడు రేటింగుల కంపెనీ నుంచి ప్రభు అనే కుర్రాడు వచ్చి, లాల్‌బీ ఇంట్లో ఆ పెట్టె బిగించాడు. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక నంబరు. ఆమె మొగుడు ఆదాంకి ఒకటి, లాల్‌బీకి రెండు, ఫర్హానాకి మూడు. టీవీ ముందు కూర్చున్నవాళ్ళు తమ నంబరు నొక్కాలి, లేచినప్పుడు తీసెయ్యాలి. "ఇది మీ ఇంట్లో ఉన్నట్టు ఎవరికీ చెప్పకూడదండి. తెలిస్తే మాత్రం వెంటనే నాకు ఫోన్ చెయ్యండి," అని మరీ మరీ చెప్పి వెళ్ళాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు. గోడ అవతల కాపురముంటున్న ఎలీసమ్మ, ఏ కరివేపాకు కోసమో వచ్చినప్పుడు చూసి ఉంటుంది.

ఆ సాయంత్రమే కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది. "అమ్మా, నా పేరు కరుణాకర్. మంగళగిరిలో ఆఫీసులో పని చేస్తాను. 'రెండో గడప' అభిమానుల పేజీ నడిపేది నేనే."

"నా నంబరు నీకెవరిచ్చారు బాబూ?"

"మీ షెడ్డులోవాళ్ళేనమ్మా. మీ ఇల్లు ఒక్క ఇల్లు కాదు, కొన్ని వేల ఇళ్ళ కింద లెక్క. మీరు మనసు పెడితే శారద బతుకుద్ది. ఒంటిగంటకీ పెట్టండి, సాయంత్రం మళ్ళీ వేస్తారు, అప్పుడూ పెట్టండి. మనుషులున్నా లేకపోయినా ఇంట్లో అందరి నంబర్లూ నొక్కెయ్యండి."

"తప్పు కదా?"

"ఎవరికి నష్టం చెప్పండి?"

లాల్‌బీ ఫోను పెట్టేసింది. కానీ మర్నాడు టీవీ ముందు కూర్చుని రెండు నొక్కాక, వేలు అక్కడే తచ్చాడింది. ఆదాం కోల్డ్ స్టోరేజీలో కాపలా డ్యూటీలో ఉన్నాడు. ఫర్హానా దొడ్లో బట్టలు ఆరేస్తోంది. ఒకటి నొక్కింది. మూడు కూడా నొక్కింది.

అక్కడినుంచి ఆ ఇంట్లో ఊపిరి పీల్చుకునే వీలు లేకుండా పోయింది. ఒంటిగంట అయ్యేసరికి మాధవి వైపు ఆడవాళ్ళు సందులోకొచ్చి ఏ పాట వినిపిస్తుందో చెవి పెట్టి వినేవాళ్ళు. "అందరి పెట్టె అది, నీ ఒక్కదానిదా? ఒకరోజు మాది పెట్టు!" అని కిటికీలోంచి అరిచేవాళ్ళు. శారద వైపువాళ్ళు పళ్ళు పట్టుకొచ్చి, "నువ్వు గట్టిగా ఉండక్కా," అని చెయ్యి పట్టుకునేవాళ్ళు. లాల్‌బీ తలుపు గడియ పెట్టుకుని చూడడం మొదలుపెట్టింది. టీవీలో శారద ఏమంటోందో చెవికెక్కేది కాదు, సందులో ఎవరి అడుగులు వినిపిస్తాయో అనే ఆరాటమే.

ఓ రోజు సరిగ్గా సీరియల్ మొదలయ్యే వేళకి తెర మీద చుక్కలు పడ్డాయి. బయటికొచ్చి చూస్తే కేబుల్ వైరు తెగి కింద వేలాడుతోంది. లాల్‌బీకి ఒళ్ళు మండిపోయింది. గోడ దగ్గరికి వెళ్ళి, "ఎలీసమ్మా! బయటికి రా! వైరు కోసిన చేతులతో అన్నం ఎట్టా తింటావే?" అని అరిచింది. అలా అరవడం ఆ సందు ఎన్నడూ వినలేదు.

ఎలీసమ్మ ఎంగిలి చేత్తోనే బయటికొచ్చింది. "నేను కొయ్యలేదు. పత్తి మూటల లారీ పోయింది ఇందాక. ఎత్తుగా వేసుకున్నాడు, దానికి తగులుకుని తెగింది."

"నమ్మమంటావా?"

"నమ్మకపోతే మానెయ్. నా కూతురు కాన్పుకి ఆస్పత్రిలో నాతోపాటు కూర్చున్నదానివి, నీ ఇంటి వైరు కోస్తానా నేను?" ఎలీసమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపలికెళ్ళి తలుపేసుకుంది. లాల్‌బీకి ఆ మాట నిజమేనేమోనని అనిపించింది. అయినా నమ్మకపోవడమే ఆ రోజు ఆమెకి తేలికైంది.

గురువారం వచ్చింది. 'రెండో గడప' పెరిగింది. కొంచెమే, కానీ పెరిగింది. శారద వైపువాళ్ళు చప్పట్లు కొట్టారు. అది తన ఇంటివల్లో, ఇంకెక్కడివాళ్ళవల్లో లాల్‌బీకి తెలియదు. అంతలో ఎవరో ఫోను ఆమె చేతికిచ్చారు. కరుణాకర్ పేజీలో పెద్ద అక్షరాలతో ఉంది: మన గెలుపు వెనక గుంటూరు మిర్చి షెడ్డులో పనిచేసే ఒక తల్లి ఉంది. కింద వందలమంది దండాలు పెడుతున్నారు. కొందరు బూతులు తిడుతున్నారు. ఏ షెడ్డు, ఏ సందు అని ఆరా తీస్తున్నారు.

ఆమె ఫోను తిరిగిచ్చేసింది. తువ్వాలు విప్పుకుని ఇంటిదారి పట్టింది. సందు మొదట్లో మోటార్ సైకిలు మీద ఎవరో ఇద్దరు మగవాళ్ళు ఆగి, "పెట్టె ఉన్న ఇల్లు ఏదమ్మా?" అని ఆమెనే అడిగారు.

"నాకు తెలవదు," అని తలొంచుకుని దాటిపోయింది.

ఇంట్లోకి అడుగుపెట్టేసరికి ఫర్హానా చాప మీద కూర్చుని ఉంది. టీవీ ఆపేసి ఉంది. నంబర్ల రిమోట్ ఆమె చేతిలో ఉంది.

"వారం నుంచీ చూస్తున్నా. నేను దొడ్లో ఉన్నా పెట్టె మీద నా నంబరు వెలుగుతోంది," అంది. "ఎందుకు నొక్కుతున్నావమ్మా?"

"నీ కోసమే కదే. సీరియల్ ఎత్తేస్తారంట. నువ్వు ఇష్టంగా చూస్తావని..."

"నేను ఇష్టంగా చూస్తానని ఎవరు చెప్పారు నీకు?"

"ఆ చీర రంగు బాగుందన్నావుగా," అంది లాల్‌బీ.

"నాకు ఆ శారదంటే పడదమ్మా. ఎవరేమన్నా తల ఊపుద్ది. మొగుడు పోయినందుకు ఏడవటానికి కూడా దానికి తీరిక ఇవ్వలేదు వాళ్ళు. నువ్వు ఎండలో పడి వచ్చి ఒక్కదానివే కూర్చుంటావని వచ్చి పక్కన కూర్చునేదాన్ని. అంతే."

"మరి ఒక్కసారైనా చెప్పొచ్చుగా!"

"నువ్వు అడిగావా?" ఫర్హానా గొంతు మొదటిసారి పెద్దదైంది. "పిడుగురాళ్ల సంబంధం సంగతి నాకు తెలుసు. నాన్న ఎప్పుడో చెప్పాడు. నువ్వే చెప్తావని ఎదురుచూశా. నువ్వు నన్ను అడక్కుండా నా నంబరు నొక్కుతూ కూర్చున్నావు."

లాల్‌బీ గోడకి జారగిలబడి కూలబడింది. మిర్చి అంటిన చేత్తో కళ్ళు తుడుచుకుంది. మంట పుట్టి ఇంకా నీళ్ళు కారాయి. ఫర్హానా లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి తల్లి మొహం కడిగింది.

ఆ తర్వాత లాల్‌బీ ప్రభుకి ఫోను చేసింది. అతను మర్నాడే వచ్చాడు. ఆమె ఏదీ దాచలేదు. ఎవరికి తెలిసిందీ, ఎవరు ఫోన్ చేసిందీ, లేని మనుషుల నంబర్లు తాను నొక్కిందీ అన్నీ చెప్పింది.

"ఆ వారం లెక్క పక్కన పెట్టేస్తారండి," అన్నాడు ప్రభు, వైర్లు విప్పుతూ. "పెట్టె ఇంకో ఊరికి పోద్ది. బయటపడ్డ రోజే చెప్పాల్సిందండి మీరు."

"ఔను బాబూ," అంది లాల్‌బీ.

అతను సంచి భుజాన వేసుకుని వెళ్తుంటే సందంతా చూసింది. షెడ్డులో శారద వైపువాళ్ళు ఆమెతో మాటలు మానేశారు. తర్వాతి వారం రేటింగు పడిపోతే, "నీవల్లే," అని మొహం మీదే అన్నారు. కరుణాకర్ ఫోను చేసి, "ఇంత ద్రోహం చేస్తారనుకోలేదమ్మా," అన్నాడు. నెల తిరక్కుండానే 'రెండో గడప' ముగించేశారు. ఒక్క భాగంలోనే అత్త మారిపోయింది, మరిది మారిపోయాడు, శారద అందరి మధ్యా నవ్వుతూ నిలబడింది.

ఆ ఆఖరి భాగం లాల్‌బీ ఎలీసమ్మ ఇంట్లో చూసింది. తనే గడప దగ్గరికెళ్ళి, "లారీ తెంపిందని నువ్వు చెప్తే నమ్మలేదు, తప్పు నాదే," అంది. ఎలీసమ్మ గడపలోంచి పక్కకి జరిగి, "నీ పెట్టె సంగతి నలుగురిలో అరిచింది నేనేగా. రా, కూర్చో," అని మాధవిని ఆపి చానల్ మార్చింది.

నజీర్‌తో ఫర్హానా తనే ఫోన్లో మాట్లాడింది. తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడి బయటికొచ్చి, "మంచివాడే. కానీ నాకు వద్దమ్మా, ఇప్పుడు వద్దు," అంది. లాల్‌బీకి ఆ రాత్రి ముద్ద దిగలేదు. అయినా పిడుగురాళ్లకి ఆ మాట అలాగే కబురు చేసింది, ఒక్క ముక్క మార్చకుండా.

ఎండలు ముదిరే నాటికి ఫర్హానా మంగళగిరిలో చీరల కొట్టులో పనికి కుదిరింది. పొద్దున బస్సుకి వెళ్ళి దీపాలు పెట్టే వేళకి వస్తుంది. మొదటిరోజు వచ్చి చెప్పులు విడుస్తూనే, అరవై చీరలు విప్పించి ఒక్కటీ కొనకుండా పోయిన పెళ్ళివారి గురించి మొదలుపెట్టింది. ఆ పెళ్ళికూతురి మేనత్త ఎలా మూతి తిప్పిందో చేసి చూపించింది. పొయ్యి మీద అన్నం పొంగి మంట ఆరిపోయినా లాల్‌బీ లేవలేదు.

"మరి ఆ మేనత్తకి మీరేం చెప్పారే?" అంది, కూతురికి ఇంకాస్త దగ్గరగా జరిగి.