ఎక్స్‌ట్రాల గడి

వంటింట్లోంచి ఇంగువ పోపు వాసన వచ్చింది. మా అమ్మాయి మాధవి చారు దించినట్టుంది. ఈ రోజు మంగళవారం. నిన్న డయాలసిస్ అయింది, రేపు మళ్ళీ వెళ్ళాలి. అంటే ఈ పూట నాకు చారు ఒక్క గరిటె. మా గరిటెలో తొంభై మిల్లీలీటర్లు పడుతుంది. ఆ సంగతి ఏడేళ్ళ కిందట ఒక శుక్రవారం మధ్యాహ్నం కొలిచి తెలుసుకున్నాను. అంతకు ముందు నలభై ఏళ్ళపాటు అదే గరిటెతో వడ్డించాను కానీ, ఎంత పడుతుందో ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు ఇంగువ వాసన వస్తే చాలు, డయాలసిస్ యూనిట్లో బరువు చూసే తూకం, దాని పక్కన నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ నర్సు ఆపీ కళ్ళ ముందుకు వస్తారు.

నేను బందరులో వాతావరణ పరిశీలన కేంద్రంలో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేశాను. ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకంలో నీళ్ళు కొలిచి రిజిస్టరులో రాయడం నా పనుల్లో ఒకటి. మా ఆయన పోయాక సిడ్నీలో, బ్లాక్‌టౌన్ దగ్గర ఉండే మాధవి ఇంటికి వచ్చాను. అరవై తొమ్మిదో ఏట మూత్రపిండాలు రెండూ పని మానేశాయి. సోమ, బుధ, శుక్రవారాలు ఉదయం ఏడింటికి యంత్రం పక్కన కుర్చీలో కూర్చుంటే పన్నెండింటికి లేస్తాను. మూత్రం దాదాపు రాదు కాబట్టి తాగినదంతా ఒంట్లోనే నిలుస్తుంది. లీటరు తాగితే కిలో బరువు పెరుగుతుంది, ఆ నీటిని మళ్ళీ యంత్రమే తీసెయ్యాలి. రోజుకు ఐదు వందల మిల్లీలీటర్లు దాటవద్దన్నారు. వాన కొలిచినదాన్ని, నాకు ఇదేం పెద్ద లెక్క అనుకున్నాను. ఒక నోటుపుస్తకం కొని, తేదీ, వేళ, నీళ్ళు అని మూడు గడులు గీసుకున్నాను. కాఫీని, మాత్రలతో మింగిన గుక్కను కూడా నీళ్ళ గడిలోనే రాసేదాన్ని.

మొదటి రోజు నా చేతికి సూదులు గుచ్చింది ఆపీ. అరవైకి దగ్గర పడిన మనిషి, పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు. నా పేరు చదివి, "నువ్వు తెలుగా? చెయ్యి ఇయ్యి," అంది. నాకు ఒళ్ళు మండింది. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది, ఎప్పుడూ చూడని మనిషిని, నువ్వా? తరవాత తెలిసింది, ఆవిడ అసలు పేరు అప్పలమ్మ. పుట్టింది ఫిజీలో. విశాఖపట్నం వైపునుంచి చెరకు తోటల్లో పనికి ఓడెక్కిన కుటుంబం. ఇంట్లో తెలుగు మాట్లాడేది వాళ్ళ అవ్వ ఒక్కతే. అవ్వ దగ్గర నేర్చిన రెండు మూడు వందల మాటలే ఆవిడకున్న తెలుగు. అందులో మీరు అనే మాట లేదు.

నా పక్క కుర్చీలో బ్యారీ అని, లారీ నడిపి రిటైరైన ఆయన ఉండేవాడు. మూడు గంటలు కాగానే సూదులు తీసెయ్యమని అరిచేవాడు. చిన్న నర్సులు సమయం పూర్తికాకపోతే వచ్చే ప్రమాదం వివరించేవారు. ఆయన ఇంకా గట్టిగా అరిచేవాడు. చివరికి కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు అరుపులు మొదలవగానే ఆపీ ఆయన ముఖం వైపు చూడకుండా కాళ్ళ వైపు వెళ్ళి దుప్పటి ఎత్తింది. కాలివేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి. పిక్కలు పట్టేస్తున్నాయని చెప్పుకోవడం ఆయనకు నామోషీ.  ఆపీ ఆయన అరికాలిని తన అరచేతికి ఆనించి గట్టిగా తోస్తూ, ఇంకో చేత్తో యంత్రం వేగం తగ్గించింది. ఆ రోజు బ్యారీ ఐదు గంటలూ కూర్చున్నాడు. ఇంతకాలం ఆయన అరుపులు ఎన్ని సార్లో లెక్కపెట్టాను కానీ, కాళ్ళ వైపు చూడాలని నాకు తోచలేదు.

నా గొడవ నవంబరులో మొదలైంది. రెండు రోజుల ఎడంలో నా బరువు రెండున్నర కిలోలు పెరిగేది, సోమవారాల్లో మూడు కిలోల ఎనిమిది వందల గ్రాములు. నాది నలభై ఎనిమిది కిలోల శరీరం. అంత నీరు ఒక్కసారిగా తీస్తుంటే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరిగేవి. డాక్టరు నా పుస్తకం తిరగేసి, మర్యాదగానే, ఇందులో రాసినదానికీ తూకానికీ పొంతన లేదన్నాడు. రెండు వారాల్లో బరువు తగ్గకపోతే నాలుగో రోజు కూడా రావాలన్నాడు. ఆదివారం యూనిట్ మూసి ఉంటుంది. నాలుగో రోజంటే శనివారమే.

శనివారం వారంలో నాకంటూ ఒక పని ఉన్న ఒకే ఒక్క రోజు. మా మనవరాలు అనన్య అప్పట్లో పదకొండేళ్ళది, అండర్-12 జట్టులో లెగ్ స్పిన్ వేసేది. ఆ జట్టుకు స్కోరర్‌ని నేను. గ్రౌండు పక్కన చెట్టు నీడలో మడత కుర్చీ వేసుకుని, రెండు రంగుల పెన్నులతో ప్రతి బంతినీ రాసేదాన్ని. అవతలి జట్టు వాళ్ళు తగాదా వస్తే నా పుస్తకమే అడిగేవారు. ఆ సాయంత్రం మాధవి ఈ మాట చెబితే అనన్య నా వైపు చూసి, "అమ్మమ్మా, దెన్ హూ విల్ డూ ద బుక్?" అంది. 

బుధవారం వెళ్ళగానే మీ తూకం తప్పు అని ఆపీతో చెప్పేశాను. అక్కడున్న నర్సులు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆపీ నవ్వలేదు. "నా మాట నమ్మొద్దు. నువ్వు నమ్మేది ఏదైనా పట్టుకురా, ఎక్కిద్దాం," అంది. శుక్రవారం సీలు విప్పని ఐదు కిలోల సోనా మసూరి సంచి తీసుకువెళ్ళాను. కారులో ఎక్కిస్తూ మాధవి, "అమ్మా, సీరియస్‌లీ? హాస్పిటల్‌కి రైస్ బ్యాగా? నన్ను లోపలికి రమ్మనకు, ప్లీజ్," అంది. ఆపీ సంచిని తూకం మీద పెట్టింది. ఐదు. తీసి మళ్ళీ పెట్టింది. ఐదు. మూడోసారి నేను అడక్కుండానే పెట్టింది. ఐదు. తరవాత నేను ఎక్కాను. యాభై పాయింట్ ఆరు. నేను దిగేటప్పుడు ఆవిడ నా ముఖం చూడకుండా సంచి ఎత్తి పక్కన పెట్టడంలో మునిగిపోయింది. అందుకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

సూదులు గుచ్చడం అయ్యాక స్టూలు లాక్కుని కూర్చుని, నా పుస్తకం అడిగి తీసుకుంది. నిన్న ఏం తిన్నావని అడిగింది. అన్నం, బీన్స్ కూర, చారు, మజ్జిగ అన్నాను. చారు అనగానే ఆవిడ తల ఎత్తింది. వాళ్ళ అవ్వ చారు గ్లాసులో పోసుకుని తాగేదట. చారు ఏ గడిలో రాశావంది.

"చారు నీళ్ళెట్లా అవుతుంది? ఎవరైనా ఇంటికొచ్చి దాహమంటే చారు ఇస్తామా?" అన్నాను.

ఆపీ ఎంత నవ్విందంటే బ్యారీ నిద్రలోంచి లేచాడు. నవ్వు ఆగాక మెల్లగా, ఇంగ్లీషులో అడిగింది. వాళ్ళాయన శనివారాలు అంపైరింగ్ చేస్తాడు కాబట్టి స్కోరు లెక్కలూ, నా శనివారాల పనీ ఆవిడకు తెలుసు. పేర్ల ఎదురుగా ఉన్న పరుగులన్నీ కలిపితే జట్టు మొత్తం స్కోరు వస్తుందా అని అడిగింది. రాదు, వైడ్లూ బైలూ ఎవరి పేరు మీదా ఉండవు, ఎక్స్‌ట్రాల గడిలో ఉంటాయి, అవి కలపాలి అని చెబుతూ చెబుతూ ఆగిపోయాను. ఆవిడ పుస్తకం నా ఒళ్ళో పెట్టి లేచింది.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా గరిటె కొలిచాను. తొంభై. పూటకు రెండు గరిటెల చారు, రెండు పూటలకు మూడు వందల అరవై. మజ్జిగ గ్లాసు రెండు వందలు, రెండు పూటలకు నాలుగు వందలు. రోజుకు ఏడు వందల అరవై, రెండు రోజులకు పదిహేను వందల ఇరవై. నేను రాసిన వెయ్యి కలిపితే రెండు వేల ఐదు వందల ఇరవై. సోమవారం ఆపీకి చూపించి, తూకం ప్రకారం ఇంకా ఎనభై గ్రాములు దొరకలేదన్నాను. అవి నీ గాజులంది. గాజులు బుధవారం బరువు చూసినప్పుడు కూడా ఉన్నాయన్నాను. "అయితే అది నీ కోపం," అంది.

నాలుగో గడి గీసి ఎక్స్‌ట్రాలు అని పేరు పెట్టాను. చారు ఒక గరిటెకు, మజ్జిగ అర గ్లాసుకు దించి, ఆ మేరకు నీళ్ళూ తగ్గించుకున్నాను. ఆపీ ఒక స్టీలు గ్లాసు తెమ్మని, నూరు మిల్లీలీటర్ల దగ్గర ఎర్రటి గోళ్ళ రంగుతో గీత గీసి ఇచ్చింది. గడువు నాటికి సోమవారం బరువు కిలో ఆరు వందలకు దిగింది. డాక్టరు శనివారం మాట ఎత్తలేదు.

ఇక్కడితో ఆపేస్తే నేను నిజాయితీపరురాలినని మీరనుకుంటారు. జనవరి ఇక్కడ నడి వేసవి. ఒక శనివారం నలభై ఒక్క డిగ్రీల ఎండ. మనవాళ్ళు రెండు పరుగులతో గెలిచారు. ఎవరో తండ్రి ఐస్ పెట్టెలోంచి పుచ్చకాయ తీసి కోశాడు. నాలుగు ముక్కలు తిన్నాను. సోమవారం డాక్టరు వచ్చే రోజు. శనివారం రాత్రి పుస్తకం తెరిచి, ఎక్స్‌ట్రాల గడిలో మజ్జిగ మాత్రం రాసి మూసేశాను. వాన రిజిస్టరులో ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్క అంకె దాచలేదు.

సోమవారం పుస్తకంలో కిలోన్నర ఉంది, తూకంలో రెండున్నర వచ్చింది. ఈసారి బియ్యం సంచి మాట నేను ఎత్తలేదు. ఎక్స్‌ట్రాలు అన్నీ రాశావా అని ఆపీ అడిగింది. రాశాను అన్నాను. ఆవిడ నా వైపు ఒక్క క్షణం చూసి, జేబులోంచి పెన్ను తీసి పుస్తకం మీద పెట్టి, బ్యారీ యంత్రం మోగుతుంటే అటు వెళ్ళింది. ఆవిడ చాలాసేపు ఇటు తిరగలేదు. నేను పెన్ను తీసుకుని శనివారం గడిలో, పుచ్చకాయ, నాలుగు ముక్కలు అని రాశాను.  ఆపీ తిరిగి వచ్చి చదివింది. తిడుతుందని నేను ఎదురు చూస్తున్నాను.

"తియ్యగా ఉండిందా?" అంది.

చాలా, అన్నాను. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆపీ ఒంట్లో చేరిన నీటిని రెండు విడతల్లో నెమ్మదిగా తీద్దామని చెప్పి, పుస్తకం తనే తీసుకెళ్ళి డాక్టరుకు చూపించింది. రాసుకున్న మనిషికి నాలుగో రోజు అవసరం లేదని ఆయన అన్నాడట.

మరో ఏడాదికి గుంటూరు నుంచి ఒక చిన్న నర్సు కొత్తగా చేరింది. పెద్దవాళ్ళను మీరు అనాలి మేడమ్ అని ఆపీకి నేర్పింది. తరవాతి శుక్రవారం ఆపీ నా దగ్గరికి వచ్చి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు, "మీరు చెయ్యి ఇవ్వండి," అంది. నా చెయ్యి ముందుకు రాలేదు. మా అమ్మ, మా అక్క, మా ఆయన, పిల్లలు కాక నన్ను నువ్వు అనే వాళ్ళు ముగ్గురూ పోయారని అప్పుడు లెక్క తేలింది. "నువ్వనే అను," అన్నాను. ఆవిడ హమ్మయ్య అన్నట్టు నవ్వి, "చెయ్యి ఇయ్యి," అంది.

ఆపీ రిటైరై కొడుకు దగ్గరకు బ్రిస్బేన్ వెళ్ళి నాలుగేళ్ళవుతోంది. చివరి శుక్రవారం నా సూదులు తనే తీసింది. రక్తం ఆగడానికి దూదిని పది నిమిషాలు అదిమిపెట్టాలి. ఆ పని నేను చేసుకోగలను. ఆ రోజు ఆవిడే పట్టుకుని కూర్చుంది, గడియారం చూడకుండా. నేను చూశాను. పదిహేడు నిమిషాలు.

అనన్య క్రికెట్ మానేసి యూనివర్సిటీకి వెళ్తోంది. నేను మాత్రం అండర్-12 దాటలేదు. ఈ శనివారం కూడా మ్యాచ్ ఉంది. గ్లాసు మీద గీత అరిగిపోతే మాధవి గోళ్ళ రంగుతో మళ్ళీ గీస్తాను. నా పుస్తకంలో ఇప్పుడు ఐదో గడి కూడా ఉంది. దానికి పేరు పెట్టలేదు. అందులో అంకెలుండవు కాబట్టి యూనిట్లో అది ఎవరికీ పనికిరాదు. మొన్న కొత్త డైటీషియన్ ఇదేమిటి ఆంటీ అంటే, అది నా కోసం అన్నాను.

భోజనమయ్యాక పుస్తకం తీసి రాశాను. మంగళవారం, మధ్యాహ్నం పన్నెండూ నలభై. చారు, తొంభై. ఐదో గడిలో: ఇంగువ కాస్త ఎక్కువైంది, అయినా బాగుంది.