కల్నల్ గారు కూర్చున్న నిమిషం

మొన్న అబుధాబి పక్కన ముసఫాలో క్లినిక్కుకి వెళ్ళి, నా షుగర్ రిపోర్టు కోసం కూర్చుంటే, గోడ మీది టీవీలో ఆయన కనిపించారు. శబ్దం ఆపేసి ఉంది. కింద అక్షరాల్లో మాత్రం, రాబోయే పదేళ్ళలో ప్రపంచం ఎలా ఉంటుందో చెబుతున్నారని రాసి ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. చూపుడువేలు పైకెత్తి మాట్లాడే తీరు మాత్రం అదే. పక్కన కూర్చున్నావిడ "ఎవరండీ ఈ తాత, లెక్కల మాస్టారులా ఉన్నాడు?" అంది. "నా పేషెంటు" అన్నాను. ఆవిడ నమ్మలేదు. ఆ కాళ్ళకి మళ్ళీ నడక నేర్పింది నేనేనంటే అసలే నమ్మదని ఊరుకున్నాను.

కరోనా కాస్త తగ్గుముఖం పట్టిన రోజులవి. ఏదో సదస్సులో మాట్లాడ్డానికి అబుధాబి వచ్చిన ఈ రష్యా పెద్దాయన, రిటైరైన కల్నల్ గారు, హోటల్ బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయ్యాక, పిలిచినవాళ్ళే ఒక ఫ్లాటులో ఉంచారు. మా హోంకేర్ కంపెనీ నన్ను పంపింది. భీమవరం దగ్గర పల్లెలో పుట్టి, నర్సు చదువు చదివి, ఈ దేశంలో ఎంతోమంది మొండి ముసలివాళ్ళని లేపి నడిపించిన నాకు మిలిటరీ మొండితనం మాత్రం కొత్త. "నడవండి సర్" అంటే కదిలేవారు కాదు. "మార్చ్" అంటే కదిలేవారు. అలా వాకర్ పట్టుకుని హాలు పొడుగునా నడుస్తూ తన కథంతా ఇంగ్లీషులో చెప్పుకొచ్చారు. ఫిరంగుల దళంలో చేరడం, మంచులో కాపలాలు, ఆయుధాల తగ్గింపు చర్చల్లో వెనక వరుస కుర్చీ, చివరికి యూనిఫాం విప్పేసి విదేశాంగ విధానం మీద వ్యాసాలు రాసే పనిలో చేరడం. "సైన్యంలో ఉన్నప్పుడు నేనెక్కడికి వెళ్ళాలో ఎవరో చెప్పేవాళ్ళు సిస్టర్. ఇప్పుడు దేశాలు ఎటు వెళ్తాయో నేను చెబుతున్నాను" అని తన జోకుకి తనే నవ్వుకునేవారు.

ఆయనకి ఒక్కతే కూతురు. సరిహద్దు అవతల ఉక్రెయిన్‌లో పెళ్ళి చేసుకుని, పిల్లలకి పియానో నేర్పుతూ ఉండేది. వాళ్ళలో ఓ ఆచారం ఉంది. ఎవరైనా ప్రయాణమైతే సామాను గుమ్మం దగ్గర పెట్టి, వెళ్ళేవాళ్ళూ ఉండేవాళ్ళూ ఒక్క నిమిషం మాట్లాడకుండా కూర్చుంటారు. మన ఇళ్ళలో ఎవరైనా తుమ్మితే కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తామే, అలాంటిదే. వాళ్ళకి తుమ్ము అక్కర్లేదంతే. ఆ అమ్మాయి ఏ ఊరు బయల్దేరినా ముందు తండ్రికి ఫోన్ చేసేది. అక్కడ ఆమె, ఇక్కడ ఈయన, ఫోన్లు చెవికి పెట్టుకుని ఊరికే కూర్చునేవారు. చెకప్‌కి వెళ్ళాలన్నా ఈయన నన్నూ కూర్చోబెట్టేవారు. కింద కారులో కడప డ్రైవర్ భాయ్ హారన్ మోగించి, ఫోన్ చేసి, "ఏందక్కా, యల్లా, రాండి, ఇంగ ఎంతసేపు?" అనేవాడు.

ఆ జనవరిలో సరిహద్దు పొడుగునా రష్యా సైన్యం చేరింది. నేను ఆయనకి కాలు మసాజ్ చేస్తుండగా కూతురు ఫోన్ చేసింది. పెట్టేశాక ఆయనే చెప్పారు. సూట్‌కేసులు సర్దుకున్నారట, భార్యాభర్తలిద్దరం నీ దగ్గరికి వచ్చేయమంటావా అని అడిగిందట. వద్దన్నారట.

"రానివ్వొచ్చుగా సర్, మిమ్మల్ని చూసినట్టూ ఉంటుంది" అన్నాను.

"ఆ జనరళ్ళు నాకు తెలుసు సిస్టర్. ఒకే బల్ల మీద తిన్నాం. బెదిరిస్తారు, అంతే. యుద్ధం రాదని నేను లోకానికంతా చెబుతున్నాను. నా కూతుర్నే రప్పించుకుంటే నా మాట ఎవరు నమ్ముతారు?"

భాయ్ కూడా అడిగాడు, "ముసలాయన ఏమంటాండాడక్కా?" అని.

"యుద్ధం రాదంటున్నారు భాయ్."

"అట్లయితే ఖలాస్, రాదు" అన్నాడు. నేనూ అలాగే నమ్మాను. అంత చదువు, అంత సర్వీసు ఉన్న మనిషి చెబితే నమ్మక ఏం చేస్తాం?

ఫిబ్రవరిలో యుద్ధం వచ్చింది. కూతురి ఫోన్ కలవలేదు. ఆయన తిండి మానేసి కిటికీ దగ్గర కూర్చున్నారు. కొన్నాళ్ళకి ఓ ఇంగ్లీషు చానెల్ వాళ్ళు పిలిస్తే, నన్ను టై అందివ్వమన్నారు. ల్యాప్‌టాప్ ముందు పైన కోటు, కింద పైజమా. పొరపాటు పడ్డానని చెబుతారనుకున్నాను. వేలు పైకెత్తి, ఈ యుద్ధం అనివార్యమనీ, ఎన్నో ఏళ్ళ కిందటే ఖాయమైపోయిందనీ ఎంతో చక్కగా వివరించారు. మంచినీళ్ళ గ్లాసుతో పక్కన నిలబడ్డ నాకు ఒళ్ళు మండిపోయింది. అంతకంటే ఘోరం, వింటుంటే అదీ నిజమేననిపించింది.

మర్నాడు కూతురు ఫోన్ చేసింది. పోలండ్ చేరింది, ఒక్కతే. నేలమాళిగలోంచి నీళ్ళ కోసం పైకి వెళ్ళిన భర్త మీద ఫిరంగి గుండు పడిందట. ఫోన్ పెట్టేశాక ఆయన నా వైపు చూడకుండా చెప్పారు: "టీవీలో నన్ను చూసిందట. అనివార్యమని తెలిసినవాడివి నన్నెందుకు ఉండమన్నావు నాన్నా, అంది." వాకర్ దగ్గరికి లాక్కుంటూ ఇంకో మాట అన్నారు: "బయల్దేరేముందు కూర్చోవడానికి కూడా టైం లేదట." ఆ తర్వాత ఆమె ఫోన్ చేయలేదు. ఈయన చేస్తే తీయలేదు. చానెళ్ళు మాత్రం పిలుస్తూనే ఉన్నాయి.

ఎండలు ముదిరాక ఆయన తన దేశం బయల్దేరారు. ఫలానా గంటకి బయల్దేరుతున్నానని కూతురికి మెసేజ్ పెట్టారట. సామాను తీసుకెళ్ళడానికి వచ్చిన భాయ్‌ని కూడా కూర్చోబెట్టి, తను సూట్‌కేసు మీద కూర్చుని, స్పీకర్ పెట్టి ఆమెకి ఫోన్ చేశారు. తీయదనుకున్నాను. తీసింది. అటు మాట లేదు, ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఈయనా మాట్లాడలేదు. వాళ్ళ ఆచారం ప్రకారం కూర్చుందో, ఆయన నోటి నుంచి ఏదైనా వస్తుందని చూసిందో నాకు తెలీదు. ఒక్క మాట అనండి సర్, తప్పయిపోయిందనండి అని నా నోటిదాకా వచ్చింది. ఆయన పెదవులు కదిలాయి కూడా. అంతలో లైను తెగింది. ఫోన్ జేబులో పెట్టుకుని, "మార్చ్" అని తనకి తనే చెప్పుకుని లేచారు.

క్లినిక్కులో నా పేరు పిలిచేసరికి టీవీలో ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. రాబోయే పదేళ్ళ గురించి తడుముకోకుండా చెబుతున్న ఆ మనిషి, చేతికందిన ఒక్క నిమిషంలో ఒక్క మాట చెప్పలేకపోవడం నేను చూశాను.