మూడో చరణంలో తీసిన చెయ్యి

నాలుగేళ్ళ కిందట జూన్‌లో ఒక విశ్వవిద్యాలయపు సంగీత విభాగంలో గెస్ట్ లెక్చరర్‌గా చేరాను. జాజ్ బృందాల్లో డబుల్ బేస్ వాయించిన అనుభవం చూసి తీసుకున్నారు. అప్పటికే మణికట్టు నరం దెబ్బతిని, రోజూ గంటలకొద్దీ వాయించలేక, ముప్పై మూడేళ్ళకే బృందాలు మానేసి సొంతూరు మార్కాపురం వచ్చేశాను కాబట్టి, నన్ను రిటైరైనదాన్నే అనుకోవచ్చు.

డబుల్ బేస్ మనిషికంటే ఎత్తుండే నాలుగు తీగల వాయిద్యం. గిటారుకున్నట్టు మెట్లుండవు, వేలు ఎక్కడ నొక్కితే అక్కడే స్వరం. పాడేవాళ్ళ గొంతుకు కింద ఆధారంగా నిలవడం దాని పని. దెబ్బతిన్న చేతితో స్వరం తప్పుతుందేమోనన్న భయంతో, వాయిద్యం మెడ మీద స్వరాలుండే చోట్ల గుర్తుగా సన్నటి తెల్ల టేపు ముక్కలు అంటించుకున్నాను. విద్యార్థుల చేతా అంటింపజేశాను. క్లాసు అయ్యాక నాతో మాట్లాడేవాళ్ళు లేరు. సాయంత్రాలు గదిలో డైరీ రాసుకుని, ఆ గుర్తుల మీదే సాధన చేసేదాన్ని.

కాంట్రాక్టు ఏడాదికే. ఏప్రిల్‌లో కచేరీ ఇవ్వాలి. విభాగం కమిటీ విని, నన్ను కొనసాగించాలో లేదో రాస్తుంది. ఒక్క గొంతు, ఒక్క బేస్‌తో చేద్దామని గిద్దలూరు దగ్గర పల్లెలో ఉండే మా నాయన చెల్లెలు మరియమ్మత్తను పిలిచాను. కూలి పనికి పోతుంది. వాళ్ళ పల్లె క్రైస్తవ మందిరంలో పాట ఎత్తేది ఆమే. అక్కడ ఎవరూ శ్రుతి ఇవ్వరు. ఆమె ఎత్తుకున్నదే శ్రుతి. చరణం చరణానికీ అది కొంచెం పైకి జరుగుతుంది, సంఘమంతా ఆమె వెంట పోతుంది. చిన్నప్పటినుంచీ వింటున్నదే. అయినా ముందురోజు ఒక్క చరణమే సాధన చేయించి, సరిపోయిందనుకున్నాను.

కచేరీలో మొదటి చరణం కుదిరింది. రెండోదానికి అత్త గొంతు పైకి జరగడం మొదలైంది. మూడోదానికి సరిగ్గా రెండు టేపు ముక్కల మధ్యకు చేరింది. వేలు అరంగుళం జరిపితే చాలు. కానీ ముందు వరసలో కమిటీ పెన్నులు పట్టుకుని కూర్చుంది. గుర్తు తప్పి నొక్కితే అపస్వరం నాదే అనుకుంటారని చెయ్యి తీసేశాను. ఆ చరణం, ఆ తర్వాతదీ అత్త ఒక్కతే పాడింది. వెనక ఎవరో నవ్వారు. ఆమె ఒకసారి నావైపు చూసి, ఆపకుండా ముగించింది.

కొనసాగింపు వచ్చింది. గొంతుకు చోటిచ్చి నేను సంయమనం పాటించానని కాగితంలో మెచ్చుకున్నారు.

అత్తను దిగబెట్టడానికి రైల్లో గిద్దలూరు దాకా వెళ్ళాను. కంభం స్టేషను దాటాక ఆమె అడిగింది.

“మధ్యలో చెయ్యి తీసినావేంది పాపా? నేనేమన్నా తప్పు పాడినానా?”

లేదత్తా, చెయ్యి నొప్పి పుట్టిందని అబద్ధం చెప్పాను.

“అంత పెద్ద పెట్టె మోస్తే నొప్పి గాక ఏం పుడతాది? ముందే చెప్పగూడదా. మందిరంలో అయితే ఒకరి గొంతు పోతే ఇంకొకరు అందుకుంటారు. ఆడ నువ్వు తప్ప నాకెవరుండారు?”

మరుసటి ఏడు మళ్ళీ పిలిచాను. కోతలున్నాయని చెప్పి రాలేదు.

ఆ సంవత్సరమే టేపులన్నీ పీకించి, పరీక్ష పద్ధతి మార్చాను. పాడేవాళ్ళు శ్రుతి చెప్పకుండా ఎత్తుకుంటారు, వాయించేవాళ్ళు వెతుక్కోవాలి. అందరూ తప్పులు వాయించారు, చూపించబోయి నేనూ వాయించాను. తప్పు స్వరాన్ని తర్వాతి స్వరంతో సరిదిద్దుకోవచ్చు, దానికి మార్కులు తగ్గించలేదు. పాట నడుస్తుండగా చెయ్యి తీసినవాళ్ళకు మాత్రం సున్నా వేశాను.