రాలిన పొట్టు

తొంభైలలో ఒక మధ్యాహ్నం, కొండపల్లి నుంచి బెజవాడ వచ్చే బస్సులో బొమ్మలు చేసే పెద్దాయన ఒకరు నా పక్కన కూర్చున్నారు. ఆయన ఒళ్లో గుడ్డసంచి, నా ఒళ్లో నోటుబుక్కు. కంకిపాడులో మా ఇల్లు కూలగొట్టాక దాని గురించి రాసుకుంటున్నాను. అమ్మ అంతకు ముందే పోయింది. పోయినవాళ్ల గురించి మంచే రాయాలని, మిగతావన్నీ కొట్టేస్తున్నాను. ఎంత రాసినా అది మా ఇల్లులా లేదు.

బస్సు గుంతలో పడి ఎగిరింది. ఆయన కంగారుగా సంచిలోంచి ఒక బొమ్మ తీసి చూసుకున్నారు. తిరగలి విసురుతున్న ఆడమనిషి. ఒక చెయ్యి ఊడిపోయింది.

"అయ్యో! గమ్ముతో అతుకుతుందాండీ?" అన్నాను.

"గమ్మెందుకండీ? దీన్ని చెక్కినప్పుడు రాలిన పొట్టుందిగా. చింతపిక్కల పిండిలో కలిపి పెడితే అతుకే కనపడదు."

"ఆ పొట్టు పారెయ్యరా?"

ఆయన నన్ను వింతగా చూశారు. "పారేస్తే దేంతో అతకమంటారు?"

బస్టాండులో దిగి ఆయన వెళ్లిపోయారు. నేను అక్కడే బల్ల మీద కూర్చుని, కొట్టేసిన వాక్యాలు తిరిగి రాయడం మొదలుపెట్టాను. మొదటిది ఇది: అమ్మకు కోపమొస్తే వంటింట్లో గిన్నెలు మోగేవి.