గుడ్డు తిను చిన్నీ

రెండు వేల ఇరవై మూడు, జనవరి నెల. జహీరాబాద్‌ల ఒక సర్కారు హైస్కూల్ల నేను సోషల్ టీచర్‌ను. వారమంత రెగ్యులర్ పిల్లలకు చెప్పుడు, ఆదివారం వస్తే అదే బడిల ఓపెన్ టెన్త్ వాళ్లకు కాంటాక్ట్ క్లాసులు తీసుకునుడు. కాంటాక్ట్ క్లాసులంటే పెద్ద ముచ్చటేం కాదు. నడుమల చదువు ఇడిసిపెట్టినోళ్లు, పెండ్లయినోళ్లు, పనులకు పోయేటోళ్లు వారానికి ఒక్క దినం వచ్చి కూసుంటరు. ముఖ్యమైన పాఠాలు మేం చెప్తం, మిగిలింది వాళ్లే ఇంటి కాడ చదువుకోని ఎండాకాలంల పరీక్ష రాస్తరు.

ఈ ‘ఓపెన్’ అన్న మాట ఉన్నది చూడున్రి, అది మా ప్రాణం తీసింది. ఓపెన్ అంటే పుస్తకం తెరిచి చూసి రాసుడే అనుకునేటోళ్లు సగం మంది. అడ్మిషన్ల దినం ఒకాయన నన్ను నిలదీసి అడిగిండు, “ఓపెన్ అన్నరు గదా మేడం, మళ్ల చదువుడెందుకు?” అని. మా స్టాఫ్ రూంల తెలుగు సారు అయితే నన్ను చూస్తే చాలు, “ఏమమ్మా ఓపెన్ మేడం!” అంటుండె. నవ్వుకుంటనే అంటుండె గని నాకు లోపల మండుతుండె. చుట్టాలెవరన్న ఆదివారం యాడికి పోతున్నవని అడిగితే, ట్రైనింగ్ ఉన్నదని చెప్పి తప్పించుకుంటుంటి. దాసుడెందుకు, నాకు గూడ నామోషీగనే ఉండె.

ఆ ఏడు నా క్లాసుల జగదేవి అని ఒకామె చేరింది. ముప్పై అయిదేండ్లుంటయేమో. చిరాగ్‌పల్లి దిక్కు ఒక అంగన్‌వాడీల ఆయా. పిల్లలను ఇండ్లల్లకెల్లి తోలుకొచ్చుడు, వండి పెట్టుడు, ఊడ్సుడు, తుడుసుడు ఆమె పని. భర్త బొంబాయి రోడ్డు మీద లారీ నడుపుతడు, ఎప్పుడో ఒకసారి ఇల్లు మొఖం చూస్తడు. ఈమె వచ్చుడే తలమీదికెల్లి కొంగు కప్పుకోని వచ్చేది, గోడ పక్కకు ఆఖరి బెంచీ మీద కూసునేది. ఎవరన్న వరండాల నడిస్తే మొఖం అటు తిప్పుకునేది.

“గంత సిగ్గెందుకమ్మా? దొంగతనానికొచ్చినవా?” అన్న ఒక దినం.

“గీ వయసుల పలకా బలపం పట్టినట్టున్నది టీచర్. ఊర్లె మీటింగున్నదని చెప్పొచ్చిన.”

“మరి ఎందుకు చేరినవ్?”

అప్పుడు అసలు సంగతి చెప్పింది. వాళ్ల సెంటర్ల టీచరమ్మ ఎండాకాలంల రిటైర్ అయితుందట. ఆయాకు పదో తరగతి పాసైన కాయితం ఉంటే ఆ కుర్చీ ముందుగాల ఆమెకే ఇస్తరట. ఈ ఏడు పాస్ కాకపోతే బయటోళ్లు వచ్చి కూసుంటరు, ఇగ ఈమె పెన్షన్ దాకా ఆయాగనే ఉండాలె. “గా పిల్లలకు పాటలు చెప్పేది నేనే టీచర్, అన్నం తినిపిచ్చేది నేనే. టీచర్ అని ఒక్కసారన్న పిలిపిచ్చుకోవాల్నని ఉన్నది” అన్నది. ఆ మాట అన్నంక గూడ సిగ్గుపడ్డది, అనగూడని మాట అన్నట్టు.

నా క్లాసుల ఒక పద్ధతుండె. ఇద్దరిద్దరికి జోడీ కట్టిచ్చేదాన్ని. ఒకరికి వచ్చింది ఇంకొకరికి చెప్పాలె, చెప్పిచ్చుకోవాలె. నేను వారానికొక్క దినం ఎంత మొత్తుకున్నా ఎక్కనిది, జోడీల కూసుంటే ఎక్కుతది. జగదేవికి రేష్మాను జోడీ కట్టిన. రేష్మా ఇరవై రెండేండ్ల పిల్ల, ఇంటికాడ జాకెట్లు కుడుతది, నోరు మంచిగ నడుస్తది. లెక్కలల్ల ఫస్టు, సోషల్ల సున్నా. జగదేవిది దానికి ఉల్టా.

“అరే జగదేవక్కా, ఫికర్ నక్కో, భయపడకు. ఎక్స్ అంటే తెల్వనిది అన్నట్టు. తెల్వనిదాన్ని ఒక దిక్కుకు నూకు, తెలిసినయన్నీ ఇంకో దిక్కుకు నూకు, అంతే” అని రేష్మా చెప్పేది. జగదేవి నోట్లె చెంగు పెట్టుకోని నవ్వేది, రాసేది, కొట్టేసేది, మళ్ల రాసేది.

ఇగ సోషల్ వంతు వస్తే చూడాలె తమాషా. నదులు యాడ పుట్టినయో రేష్మాకు ఎంతకూ యాదికుంటలేవు. జగదేవి ఏం జేసింది, అంగన్‌వాడీ పిల్లలకు గుడ్డు తినిపిచ్చేటప్పుడు పాడే పాటల నదులను ఇరికిచ్చింది. చప్పట్లు కొట్టుకుంట పాడుతది:

“గంగమ్మ యాడ పుట్టె? గంగోత్రిల పుట్టె. గుడ్డు తిను చిన్నీ, గుడ్డు తిను.

గోదారి యాడ పుట్టె? త్ర్యంబకంల పుట్టె. పాలు తాగు చిన్నీ, పాలు తాగు.

మంజీర యాడ పుట్టె? బాలాఘాట్ల పుట్టె. మూతి తుడుసుకో చిన్నీ, మూతి తుడుసుకో.”

నేను ఇన్నేండ్ల సంది మ్యాపు ఏలాడదీసి, కట్టెతోని సూపిచ్చి చెప్తున్న నదులివి. రేష్మా అయితే పడి పడి నవ్వింది, గని మళ్ల ఆదివారానికి ఒక్క నది తప్పకుంట చెప్పింది. కొంగు తలమీదికెల్లి జారిన సోయి గూడ లేకుండె జగదేవికి పాడేటప్పుడు. పాసైతదని నాకు ధైర్యమొచ్చింది.

ఫిబ్రవరి వచ్చింది. రెగ్యులర్ టెన్త్ పిల్లలకు పరీక్షలు దగ్గరపడ్డయని హెడ్మాస్టర్ సారు ఆదివారం గూడ స్పెషల్ క్లాసులు పెట్టిన్రు. అంటే ఒకే వరండాకు అటు రెగ్యులర్, ఇటు ఓపెన్. ఇంటర్వెల్ గంట కొట్టిన్రు. జగదేవి, రేష్మా వరండాల మెట్ల మీద కూసోని జోడీ చదువుతున్నరు, చప్పట్లు, పాట, అంత జోరుగ నడుస్తుంది. ఆ చివరికెల్లి మా టెన్త్ ఆడపిల్లలు గుంపుగ వచ్చిన్రు.

జగదేవి తలెత్తి చూసింది. చూసుడు చూసుడే మొఖంల రంగు పోయింది. చేతుల ఉన్న సోషల్ పుస్తకాన్ని పక్కకున్న చెత్తబుట్టల ఏసింది. తలుపెనక ఉన్న చీపురు తీసుకోని వంగి వరండా ఊడ్సుడు షురూ చేసింది.

నాకైతే ఏం సమజ్ కాలే. “ఏం జేస్తున్నవ్ జగదేవీ?” అందామని నోరు తెరిచిన. ఆమె తలెత్తి నా మొఖం చూసింది. చేతులు జోడిస్తే ఎట్లుంటదో ఆ చూపు అట్లుండె.

మా పిల్లల్ల ఒకతి, కావ్య అని, మంచి పిల్లనే గని జర గీర ఎక్కువ, “ఆయమ్మా, మా రూంల గూడ చాక్‌పీస్ దుమ్మున్నది, జర ఊడ్వవా?” అన్నది. జగదేవి పోయి వాళ్ల రూం గూడ ఊడ్చింది. గుంపుల అందరికన్న ఎనక నా సంధ్య నిలబడి ఉండె. నా సంధ్య అంటున్ననంటే, అది క్లాస్ ఫస్టు, నాకు దాని మీద పానం. అది నల్లా కాడికి పోయి నీళ్లు తాగుతనే ఉన్నది, ఎంతసేపైనా తాగుతనే ఉన్నది. అప్పుడు దాన్ని పట్టిచ్చుకోలే నేను.

ఊడ్సుడు అయిపోయినంక జగదేవి చీపురు గోడకు పెట్టి సీదా గేటు దాటి పోయింది, క్లాసుల అడుగుపెట్టలే. చెత్తబుట్టల ఉన్న పుస్తకం రేష్మా తీసి, చున్నీతోని తుడిసి, సంచిల పెట్టుకుంది. “అక్కకు ఏమైంది మేడం?” అని నన్ను అడిగింది. నాకు తెలిస్తే గదా చెప్పెతందుకు.

మళ్ల ఆదివారం జగదేవి రాలే. ఫోన్ చేస్తే, “పనున్నది టీచర్, ఈ ఏడు నాతోని కాదు, వచ్చే ఏడు చూద్దాం” అన్నది. వచ్చే ఏడు ఏం చూస్తది? ఆ కుర్చీల అప్పటికి ఇంకొకరు కూసుంటరు. ఆ సంగతి ఆమెకు నాకన్న ఎక్కువ ఎరుకే. “వచ్చి మాట్లాడు” అంటే ఫోన్ పెట్టేసింది. రేష్మా జోడీ లేక ఒక్కతే కూసోని గోడలు చూసుకుంట పోయింది.

రెగ్యులర్ పిల్లలల్ల గూడ మాకు ఇట్లాంటి ఏర్పాటే ఉంటది. మంచిగ చదివేటోళ్లు ఏ గ్రూపు, ఎనకబడ్డోళ్లు సీ గ్రూపు. ఒక్కొక్క ఏ గ్రూపు పిల్ల ముగ్గురు నలుగురు సీ గ్రూపు పిల్లలను దగ్గర కూసోపెట్టుకోని చదివిస్తది. ఆ వారంల ఒక దినం సాయంత్రం స్టడీ అవర్ల నేను ఊరికే అట్ల తిరుగుకుంట పోతున్న. ఒక మూలకు చప్పట్లు ఇనవడ్డయి.

“గోదారి యాడ పుట్టె? త్ర్యంబకంల పుట్టె. పాలు తాగు చిన్నీ, పాలు తాగు.”

నా కాళ్లు ఆడనే ఆగినయి. చెప్తున్నది సంధ్య. చుట్టు నలుగురు పిల్లలు, వాళ్లల్ల కావ్య గూడ ఉన్నది. సోషల్ అంటే ఆ పిల్లకు పడది, సీ గ్రూపుల ఏసిన. అది గూడ మస్తు ఖుషీగ చప్పట్లు కొడుతుంది.

“ఈ పాట యాడ నేర్చుకున్నవ్ సంధ్యా?” అన్న.

“యూట్యూబ్ల మేడం” అన్నది, తల ఎత్తకుంటనే.

కావ్య అందుకున్నది, “మాకు గూడ లింకు పంపే అంటే పంపుతలేదు మేడం! మస్తున్నది పాట. ఎవరు చేసిన్రో గని.”

సంధ్య చెవులు ఎర్రగైనయి. పిల్లలంత ఇండ్లకు పోతుంటే అది ఒక్కతే సంచి సదురుకుంట సదురుకుంట ఎనక ఉండిపోయింది. నా దగ్గరికొచ్చి నిలబడ్డది. నిలబడి ఏడుసుడు షురూ చేసింది.

“మా అమ్మ మేడం. ఆ దినం ఊడ్చినామె మా అమ్మ.”

“తెలిసింది బిడ్డా. ఇప్పుడే తెలిసింది.”

“నేనే చెప్పిన మేడం అమ్మకు. మా బడిల నన్ను చూస్తే తెల్వనట్టు ఉండు, మా దోస్తులకు తెలిస్తే నా ఇజ్జత్ పోతది అని చెప్పిన. ఓపెన్ల రాస్తదంటే నవ్వుతరు గదా మేడం. ఇంట్ల అయితే రొట్టెలు చేసుకుంట నాకు అన్ని ఒప్పజెప్తది, నేను అమ్మకు ఇంగ్లీష్ చెప్త. బడికొస్తేనే...” కండ్లు తుడుసుకుంది. “అమ్మ మా రూం ఊడుస్తుంటే నేను నీళ్లు తాగుకుంట నిలబడ్డ మేడం. ఇంటికి పోయినంక గూడ నన్ను ఒక్క మాట అనలే. నీ పరీక్షలు మంచిగ రాయి బిడ్డా, నాది పోనీ అన్నది.”

నేను దాన్ని తిట్టాల్నా? ఏ మొఖం పెట్టుకోని తిట్టాలె? ఆ పిల్లకు పదిహేనేండ్లు, నాకు యాభై దగ్గరపడ్డయి. ఆ పిల్ల తల్లిని దాసింది, నేను ఆ క్లాసు క్లాసునే ట్రైనింగ్ అని చెప్పి దాస్తున్న. దాని తల మీద చెయ్యి పెట్టి, “మీ అమ్మ పుస్తకం రేష్మా దగ్గరున్నది” అని మాత్రం చెప్పిన.

ఆ ఆదివారం ఇంటర్వెల్ల సంధ్య మా ఓపెన్ క్లాసు గడప కాడికొచ్చి నిలబడ్డది. ఎనకాల కావ్య, ఇంకో ఇద్దరు.

“రేష్మక్కా, మా అమ్మ పుస్తకం ఇయ్యవా?”

రేష్మా నా దిక్కు చూసింది. నేను తల ఊపిన. సంచిలకెల్లి తీసిచ్చింది. సంధ్య ఆ పుస్తకాన్ని రెండు చేతులతోని పట్టుకోని కండ్లకద్దుకుంది.

“ఎవరిదే అది?” అన్నది కావ్య. “ఓపెనోళ్ల పుస్తకంతోని నీకేం పని?”

“మా అమ్మది” అన్నది సంధ్య. “మా అమ్మ ఓపెన్ టెన్త్ రాస్తుంది. మొన్న మన రూం ఊడ్వుమన్నవ్ చూడు, ఆమెనే. గుడ్డు తిను చిన్నీ పాట గూడ ఆమెదే. యూట్యూబ్ అని అబద్ధం చెప్పిన.”

కావ్య మెల్లగ, “ఆంటీని రమ్మను సంధ్యా. నాకు కృష్ణానది దాంకనే వచ్చింది” అన్నది. మాఫ్ చెయ్యుమని అడుగుడు దానికి అట్లనే వచ్చింది, పాపం.

సంధ్య ఆ పుస్తకం ఇంటికి తీసుకపోయి ఇచ్చింది. మళ్ల ఆదివారం జగదేవి వచ్చింది. కొంగు తల మీద అట్లనే ఉండె, గని ముందు బెంచీల కూసుంది. జోడీ కాస్త పెద్దగైంది. మార్చి దాంక ఇంటర్వెల్ల మెట్ల మీద ఇటు ఓపెనోళ్లు, అటు రెగ్యులర్ పిల్లలు కలిసే ఒప్పజెప్పుకున్నరు. రేష్మా కావ్యకు లెక్కలు చెప్పింది, సంధ్య వాళ్లిద్దరికి ఇంగ్లీష్ చెప్పింది. వాళ్లందరికి జగదేవి నదులు తాగిపిచ్చింది. మా తెలుగు సారు ఒక దినం చూసి, ఏదో అందామనుకోని ఊరుకున్నడు.

తల్లీబిడ్డలు ఇద్దరూ పాసైన్రు. జగదేవి లెక్కలల్ల గీత మీద బయటపడ్డది. కుర్చీ గూడ దొరికింది, కొన్ని నెలలు ఆఫీసుల చుట్టు తిప్పుకున్నరు గని దొరికింది.

పోయిన ఏడు ఒక ఆదివారం బస్సుల జగదేవి కలిసింది. పక్కనే కూసున్న. ఆ ముచ్చట ఈ ముచ్చట అయినంక నేనే తీసిన ఆ దినం సంగతి, “ఆ దినం నిన్ను ఊడ్వనిచ్చిన, అది మర్వలేకపోతున్న జగదేవీ” అని.

“ఊడ్చినందుకు నాకేం లేదు టీచర్. దినాం ఊడుస్తనే ఉంటి, నా పనే అది” అన్నది. “పుస్తకాన్ని చెత్తబుట్టల ఏసిన. నా బిడ్డ చూస్తుండంగ ఏసిన. అది యాదికొస్తేనే ఇప్పటికి గూడ అన్నం మింగుడు పడది.”

ముందు సీట్లకెల్లి ఒక పెద్దామె ఎనకకు తిరిగి, “టీచరమ్మలా మీరు? ఆదివారం పూట యాడికమ్మా?” అని నన్ను అడిగింది.

“ట్రై...” అన్న. ఇన్నేండ్ల అలవాటు, నోరు దానంతట అదే తిరిగింది. జగదేవి నా దిక్కు చూసింది. సిగ్గుతోని నా తల భూమిల పెట్టుకోవాల్ననిపిచ్చింది.

“ఓపెన్ టెన్త్ క్లాసులకు” అన్న. “నేను ఆడ టీచర్‌ను.”

“ఓపెనా?” అన్నది పెద్దామె. “అంటే పుస్తకం చూసి రాసుడే గదా?”

“కాదవ్వా” అని నేను చెప్పేలోపే జగదేవి ముందుకు వంగి, “నేను రాసిన గదవ్వా, చెప్త ఇను” అని మొదలుపెట్టింది.